ముందే కలిపిన చక్కెర

కర్నూలు స్టేషను దాటిన కొద్దిసేపటికే హైదరాబాదు రైలు తుంగభద్ర వంతెన ఎక్కుతుంది. అది షాబాన్ నెల చివరి వారం. మా మదరసాలో వార్షిక పరీక్షలు ముగిసి పిల్లలు తమ తమ ఊళ్లకు వెళ్లిపోయారు. నదిలో నీరు సన్నగిల్లి నల్లని బండలు బయటపడి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని వాటిని చూస్తుండగా చాయ్ అమ్మే కుర్రవాడు వచ్చాడు. ఒక కప్పు తీసుకుని తాగాను. తర్వాత జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, తేదీ కింద "2" అని రాసుకున్నాను.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆసక్తిగా చూసి, "ఏం హిసాబు రాస్తున్నారు మౌల్సాబ్?" అని అడిగాడు.

"చక్కెర హిసాబు" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నా ప్రయాణం నవ్వే పని మీద కాదు. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్యకు కుడి కాలి వేళ్లు రెండింటిని రెండు నెలల క్రితం తొలగించారు. ఆయన వయసు 63. షుగర్ వ్యాధి వచ్చి 18 ఏళ్లయింది. చెప్పు లోపల పొడుచుకు వచ్చిన చిన్న మేకు వేలికి గుచ్చుకున్నా ఆయనకు తెలియలేదు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల్లోని నరాలు మొద్దుబారుతాయి. నొప్పి తెలియదు. రక్త ప్రసరణ కూడా తగ్గుతుంది కనుక గాయం త్వరగా మానదు. నాలుగో రోజు వదిన మేజోడు విప్పి చూసేసరికి వేలు నల్లబడి ఉంది. పరీక్షల రోజులు కావడం వల్ల నేను వెంటనే వెళ్లలేకపోయాను. ఆ బాధ లోపల ఉండనే ఉంది.

దానికి తోడు నా సంగతి ఒకటి ఉంది. అన్నయ్య ఆపరేషను వార్త విన్న వారంలోనే నేను కూడా రక్త పరీక్ష చేయించుకున్నాను. గడచిన రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే వ్యాధి అంచున ఉన్నట్టు. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే వ్యాధిలోకి అడుగుపెట్టినట్టు. నా బరువు 91 కిలోలు. మన దేశపు పురుషులకు నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటరాదని, స్త్రీలకు 80 దాటరాదని వైద్యులు అంటారు. నాది 104. డాక్టరు గారు కాగితాలు చూసి, "మౌలానా, మీకు మాత్రలు ఇప్పుడే వద్దు. ఐదారు కిలోలు తగ్గండి, రోజూ అరగంట నడవండి. చాలావరకు గండం గడుస్తుంది" అన్నారు. ఆయన మాట ఊరట కోసం చెప్పింది కాదు. అమెరికాలో జరిగి 2002లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, ఇలా అంచున ఉన్నవారు తమ బరువులో 7 శాతం తగ్గించుకోవాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకున్నారు. వారిలో వ్యాధిలోకి జారడం 58 శాతం తగ్గింది.

ఆ రోజు ఇంటికి వచ్చి మొదట చేసిన పని, చెంచాలు లెక్కపెట్టడం. సమంగా నింపిన చిన్న చెంచాకు సుమారు 4 గ్రాముల చక్కెర పడుతుంది. అంటే 16 కేలరీలు. నేను రోజుకు ఐదు కప్పుల చాయ్ తాగేవాణ్ణి, కప్పుకు రెండు చెంచాలు. మిఠాయి ముట్టని రోజున కూడా 40 గ్రాములు. నెలకు కిలో రెండు వందల గ్రాములు. ఏడాదికి పద్నాలుగున్నర కిలోలు! అరబీ వ్యాకరణం చెప్పే నోటితో ఈ లెక్క బిగ్గరగా చదువుకుంటే నాకే నమ్మశక్యం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనం కలుపుకునే చక్కెర, తేనె, షర్బత్తులు, పళ్ల రసాల తీపి అన్నీ కలిపి మొత్తం ఆహార శక్తిలో 10 శాతానికి లోపే ఉండాలి. 5 శాతానికి తగ్గితే మరింత మేలు. సాధారణ మనిషికి 5 శాతమంటే సుమారు 25 గ్రాములు, దాదాపు ఆరు చెంచాలు.

ఇంటిలో మెల్లగా తగ్గించాను. మొదటి వారం కప్పుకు ఒకటిన్నర చెంచా, తర్వాత ఒకటి, ఆ తర్వాత అర. మూడు వారాలకు నాలుక అలవాటు పడింది. ఇక నేను గెలిచినట్టేనని నాలో కొంత గర్వం కూడా కలిగింది. ఆ గర్వాన్ని జేబులో నోటు పుస్తకంతో పాటు పెట్టుకునే రైలెక్కాను.

గద్వాల దాటాక కృష్ణానది, ఆ తర్వాత మహబూబ్‌నగర్, చీకటి పడ్డాక కాచిగూడ. అక్కడ ఆటో ఎక్కి చాదర్‌ఘాట్ వంతెన మీదుగా మూసీ దాటి పాతనగరంలోకి ప్రవేశించాను. దారిలో దారుష్షిఫా వస్తుంది. ఆ పేరుకు అర్థం స్వస్థత నిలయం. చార్మినార్ నిర్మాణం 1591 నాటిది. అది జరిగిన నాలుగేళ్లకే, 1595లో, ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఇక్కడ యునానీ వైద్యశాలను, వైద్య విద్యాలయాన్ని కట్టించాడు. నగరం పుట్టిన తొలి నాళ్లలోనే రోగుల కోసం ఒక ఇల్లు కట్టారన్న మాట. విద్యార్థి దశలో ఈ దారిన ఎన్నోసార్లు నడిచాను. ఆ పేరు గురించి మాత్రం ఆ రాత్రే మొదటిసారి ఆలోచించాను.

అన్నయ్య ఇల్లు షాఅలీబండ దగ్గర ఒక సన్నని గల్లీలో ఉంది. సలాములు ముగిశాక ఆయన మంచం పక్కన కూర్చుని పాదం చూశాను. గాయం మానింది. బొటనవేలు పక్కన రెండు వేళ్లుండవలసిన చోట ఖాళీ. చిన్నప్పుడు హంద్రీ ఒడ్డున ఆ కాళ్ల వెనుకే నేను పరుగెత్తేవాణ్ణి. కళ్లు తిప్పుకోలేకపోయాను.

"అంతగా చూడకు చోటే. అల్‌హమ్దులిల్లాహ్, మిగిలినవి ఎనిమిదున్నాయి" అన్నాడు ఆయన.

అంతలో వదిన ట్రేలో షర్బత్తు తెచ్చింది. ఎర్రగా, చల్లగా, గ్లాసు అంచు వరకు. రైలు దిగి వచ్చిన మరిదికి ఇచ్చే మొదటి మర్యాద. వద్దనడానికి నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాను. రెండు నెలలుగా ఆసుపత్రికీ ఇంటికీ మధ్య నలిగిపోయిన ముఖం అది. మారు మాట్లాడక తాగేశాను.

మరునాడు నా నోటు పుస్తకానికి అసలైన పరీక్ష ఎదురైంది. ఆ పుట ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఫజ్ర్ నమాజ్ నుంచి రాగానే చాయ్, 2 చెంచాలు. నాష్తాతో మళ్లీ చాయ్, 2. మౌలానా వచ్చారని తెలిసి పొరుగింటివారు పిలిచారు. అక్కడ షర్బత్తు, 4. పత్తర్‌గట్టీలో నా పాత సహాధ్యాయికి బట్టల దుకాణం ఉంది. అక్కడ చాయ్ 2, దానితో రెండు ఉస్మానియా బిస్కెట్లు, వాటికి 1. సాయంత్రం అన్నయ్యను పరామర్శించడానికి వచ్చిన బంధువులతో కలిసి చాయ్, 2. రాత్రి భోజనం తర్వాత ఖుబానీ కా మీఠా. దాని కొలత వదినను అడిగి తెలుసుకున్నాను. పన్నెండు గిన్నెలకు 300 గ్రాముల చక్కెర వేసిందట. అంటే గిన్నెకు 25 గ్రాములు, 6 చెంచాలు.

మొత్తం 19 చెంచాలు. 76 గ్రాములు. 300 కేలరీలకు పైగా. నా బరువున్న మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారుగా అంతే. ఇది భోజనానికి బదులు కాదు, భోజనం మీద అదనం. రాత్రి దీపం కింద కూర్చుని ఆ అంకెలు కూడినప్పుడు నన్ను ఆశ్చర్యపరచింది మొత్తం కాదు. ఆ పంతొమ్మిది చెంచాల్లో ఒక్కటి కూడా నేను అడిగి వేయించుకున్నది కాదు. మూడు వారాల పాటు ఇంటిలో నేను నిగ్రహించింది నా చేతిని మాత్రమే. ఇతరుల చేతుల నుంచి వచ్చే చక్కెరకు నా దగ్గర జవాబు లేదు.

పత్తర్‌గట్టీ దుకాణం నుంచి తిరిగి రాకముందు నయాపూల్ వంతెన దాకా నడిచి కాసేపు నిలబడ్డాను. ఒక ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు, ఆవలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు. మా మిత్రుడు పెట్టిన బిస్కెటుకూ ఆ ఆసుపత్రికీ ఒకే నిజాం పేరు, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చింది. ఆ బిస్కెట్లు తొలుత ఆసుపత్రి రోగుల కోసమే తయారయ్యాయని నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, కాస్త తీపి, కాస్త ఉప్పు కలిసిన ఆ బిస్కెటును చాయ్‌లో ముంచుకోని ఇల్లు పాతనగరంలో అరుదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అన్నయ్య మెల్లగా మాట్లాడాడు.

"చోటే, ఆసుపత్రిలో అందరూ ఒకే మాట అన్నారు. నోరు కట్టుకోలేకపోయావని. అది నిజమే. నేను తప్పించుకోను. కానీ ఈ 18 ఏళ్లలో నేను వద్దంటే, మంచిది అని ఊరుకున్నవాళ్లు ఎందరో చెప్పు. పెళ్లిలో ఒక్క ముద్ద అంటారు. ఈదుకు ఒక్క గిన్నె అంటారు. మా ఇంటికి వచ్చి నోరు తీపి చేసుకోకుండా వెళ్తారా అంటారు. ఒక్కో ఇంటికి అది ఒక్కటే. నాకు మాత్రం రోజుకు నాలుగిళ్లు."

నేను మౌనంగా ఉన్నాను. ఎందుకంటే ఆ నాలుగిళ్లలో ఒకటి నాదే. రెండేళ్ల క్రితం మా మదరసాలో ఖుర్ఆన్ కంఠస్థం పూర్తి చేసిన పిల్లల సన్మాన సభకు అన్నయ్య కర్నూలు వచ్చాడు. ఆ రోజు జిలేబీ పంచాము. ఆయన చేయి అడ్డం పెట్టి "నాకు వద్దు" అన్నాడు. ఆయనకు షుగర్ ఉన్నదని నాకు బాగా తెలుసు. అయినా "ఇది బర్కత్ గల మిఠాయి భాయీజాన్, ఒక్కటితో ఏమీ కాదు" అంటూ అందరి ముందు నా చేతితోనే ఆయన నోట పెట్టాను. సభలోని వాళ్లు మా అన్నదమ్ముల ప్రేమను చూసి ముచ్చటపడ్డారు. ఒక్క జిలేబీ వేళ్లను తీయదు, నిజమే. కానీ ఆయన "వద్దు" అన్న మాటను పదిమంది ముందు ఓడించినవాణ్ణి నేను. అలాంటి ఓటములు పోగయ్యాకే మనిషి వద్దనడం మానేస్తాడు.

"నన్ను క్షమించండి భాయీజాన్" అన్నాను.

"దేనికి?" అన్నాడు. చెప్పాను. ఆయనకు ఆ జిలేబీ గుర్తే లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మూడో రోజు అన్నయ్య చార్మినార్ చూడాలని ఉందన్నాడు. ఇల్లు దాటి రెండు నెలలైంది. మెత్తని అట్టతో ప్రత్యేకంగా కుట్టించిన చెప్పులు తొడిగి, ఆటోలో తీసుకువెళ్లాను. రమజాన్ దగ్గర పడటంతో బజారంతా ముస్తాబవుతున్నది. సేమియా కట్టలు, ఖర్జూరాల రాశులు, లాడ్‌బజారు మలుపులో గాజుల మెరుపులు. ఒక ఇరానీ హోటలులో కూర్చున్నాము.

"రెండు చాయ్, చక్కెర లేకుండా" అన్నాను.

చాయ్ తెచ్చే కుర్రవాడు నన్ను జాలిగా చూశాడు. "అలా దొరకదు మౌలానా. ఇక్కడ చక్కెర ముందే కలిపేస్తాం."

అన్నయ్య నవ్వి, "విన్నావా? మన సంగతంతా ఆ కుర్రవాడు ఒక్క మాటలో చెప్పేశాడు. మన ముందుకు వచ్చేసరికే కలిసిపోయి ఉంటుంది" అన్నాడు.

ఆయన పాలు గానీ చాయ్ గానీ వద్దని మంచినీళ్లు తాగాడు. నేను "వన్ బై టూ" చెప్పి, సగం గ్లాసు మాత్రం తీసుకున్నాను. మిగిలిన సగం పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక కూలీ సోదరునికి ఇచ్చాను. హైదరాబాదువారి ఈ పాత ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఒక చాయ్‌ను ఇద్దరు పంచుకోవడం పేదరికం నేర్పిన ఉపాయం కావచ్చు. కానీ బరువు తగ్గదలచిన వానికి ఇది మంచి ఔషధం. రుచి మొత్తం దక్కుతుంది, చక్కెర సగమే దక్కుతుంది.

అక్కడి నుంచి మక్కా మసీదుకు వెళ్లాము. కుతుబ్ షాహీల కాలంలో, 1617 ప్రాంతంలో మొదలైన ఆ మసీదు ఔరంగజేబు కాలంలో గానీ పూర్తి కాలేదు. నమాజ్ ముగించుకుని విశాలమైన ఆవరణలో పావురాలను చూస్తూ కూర్చున్నాము. అన్నయ్య కుర్చీలో, నేను మెట్టు మీద. ఉన్నట్టుండి ఆయన నుదుట చెమట పట్టింది. చేయి సన్నగా వణికింది. జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. విప్పితే లోపల చక్కెర!

నాకు కోపం ఆగలేదు. "భాయీజాన్, ఈ కాలు చూసుకున్నాక కూడానా!" అన్నాను.

ఆయన జవాబివ్వకుండా నీళ్ల సీసాలో చక్కెర పోసి కలిపి తాగాడు. పదిహేను నిమిషాలకు వణుకు తగ్గింది. అప్పుడు చెప్పాడు. ఇన్సులిన్ తీసుకునేవారికి భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర 70కి కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు నాలుగు చెంచాలు తీసుకోవాలి. పావుగంట ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి. ఆలస్యం చేస్తే స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం డాక్టరు చెప్పి పెట్టించినది.

నేను సిగ్గుపడ్డాను. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు ఫిఖహ్ పాఠాలు చెబుతూ, ఒకే వస్తువు స్థితిని బట్టి వేర్వేరు తీర్పులకు లోనవుతుందని వివరిస్తూ వచ్చాను. నా కళ్ల ముందు దాని ఉదాహరణ కనబడితే గుర్తించలేకపోయాను. చక్కెర శత్రువు కాదు. ఎప్పుడు, ఎంత, ఎవరి నిర్ణయంతో అన్నదే ప్రశ్న. ఆ పొట్లంలోని నాలుగు చెంచాలు ఆయన నిర్ణయించుకున్నవి. వాటికి లెక్క ఉంది, కారణం ఉంది. నా పుటలోని పంతొమ్మిదికి రెండూ లేవు.

సాయంత్రం ఇంటికి వచ్చాక వదినతో మాట్లాడాను. నోటు పుస్తకం ఆమె ముందు పెట్టాను. ఆమెను నిందించడం నా ఉద్దేశం కాదని ముందే చెప్పాను. ఆమె చాలాసేపు ఆ పుట చూసింది.

"భయ్యా, నేను మాత్రం ఏం చేయను? ఇంటికి వచ్చినవారికి ఖాళీ నీళ్లిస్తే పిసినారి అంటారు. చాయ్‌లో చక్కెర తగ్గితే, ఈ ఇంటివాళ్లకు మనం రావడం ఇష్టం లేదంటారు. ఈయనకు చేయకపోతే నా మనసు ఒప్పదు. చేస్తే ఇదిగో, కాలు" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. మన ఇళ్లలో తీపి ఒక భాష. సంతోషం, స్వాగతం, క్షమాపణ, అన్నీ దానితోనే చెబుతాము. ఆ భాషను ఒక్కసారిగా రద్దు చేయమంటే ఏ ఇల్లాలూ వినదు. అతిథిని గౌరవించమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధను మనం అందరం ఎరుగుదుము. కడుపును పూర్తిగా నింపకుండా నీటికి, ఊపిరికి కూడా చోటు మిగల్చమన్న బోధనూ ఎరుగుదుము. ఈ రెండు బోధలు ఒకదానికొకటి ఎదురు నిలిచేవి కావు. వాటిని ఎదురు నిలబెట్టింది మన అలవాటే. అతిథి వద్దన్నప్పుడు ఆయన మాటను మన్నించడం కూడా గౌరవమే. ఆయన ఆరోగ్యాన్ని మన పేరు ప్రతిష్ఠలకు మూల్యంగా అడగడం గౌరవం కాదు.

"భాభీ, చక్కెర మానవద్దు. ముందే కలపడం మానండి" అన్నాను.

ఆమె వెంటనే అర్థం చేసుకుంది. ఆ రాత్రే చక్కెర లేకుండా చాయ్ కాచి కెటిల్‌లో పోసింది. దస్తర్‌ఖాన్ మీద చిన్న గిన్నెలో చక్కెర, పక్కన చెంచా పెట్టింది. పొరుగింటివాళ్లు వచ్చినప్పుడు "ఎంత వేయమంటారు?" అని అడిగింది. ఒకరు రెండన్నారు, ఒకరు ఒకటన్నారు. ఒక ముసలావిడ సంకోచిస్తూ, "నాకసలు వద్దమ్మా, చాన్నాళ్లుగా చెప్పాలనుకుంటున్నాను" అంది. ఏ మర్యాదా తగ్గలేదు. ఎవరి నొసలూ ముడిపడలేదు.

బయలుదేరే ముందు ఇంటికి ఖర్జూరాలు కొన్నాను. వాటి విషయం కూడా చెప్పుకోవాలి. చిన్న ఖర్జూరంలో 20కి పైగా కేలరీలుంటాయి. పెద్ద మెద్జూల్ ఖర్జూరంలో 65 వరకు ఉంటాయి, అందులో 16 గ్రాములు తీపే. ఇఫ్తార్‌కు ఒకటి రెండు ఖర్జూరాలు సున్నత్‌కూ సరిపోతాయి, శరీరానికీ సరిపోతాయి. ఖర్జూరంలో పీచు ఉంటుంది, దాన్ని నమలాలి, అందుకే ఆగడం తేలిక. షర్బత్తుకు ఆ అడ్డు లేదు. దాహంతో ఉన్నవాడు రెండు గ్లాసులు గుటగుటా తాగేస్తాడు. నమాజ్ తర్వాత పకోడీలు, బిర్యానీ, ఆపై మీఠా ఎలాగూ ఉంటాయి. పగలంతా ఉపవాసం ఉండి నెల చివర బరువు పెరిగామని ఆశ్చర్యపోయేవారు మనలో ఎంతోమంది. ఉపవాసం బరువు పెంచదు. ఇఫ్తార్‌కూ సహరీకీ మధ్య మనం చేసేదే పెంచుతుంది.

చక్కెర బదులు బెల్లం, తేనె వాడితే బరువు తగ్గుతామని చాలామంది నమ్మకం. తేనె మనకు గౌరవనీయమైనది, సందేహం లేదు. కానీ బెల్లంలో అధిక భాగం చక్కెరే. తేనె కూడా రక్తంలో తీపిని పెంచుతుంది. ఇక చక్కెర లేని తీపి బిళ్లల మాటకొస్తే, బరువు తగ్గడానికి వాటిని ఆశ్రయించవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇప్పటికే షుగర్ ఉన్నవారికి ఆ సూచన వర్తించదు. వారు తమ డాక్టరును అడిగి నడచుకోవాలి. మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసాల విషయంలోనూ, తిండి తగ్గించే విషయంలోనూ స్వంత నిర్ణయాలు చేయరాదు. రమజాన్‌కు ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు మార్పించుకోవాలి. షుగర్ ఉన్నవారు ప్రతి రాత్రి పాదాలను, వేళ్ల సందులను వెలుతురులో చూసుకోవాలి. చెప్పులు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడమాలి. మా అన్నయ్య ఈ మాటను ఇప్పుడు కనబడిన ప్రతివారికీ చెబుతున్నాడు.

కర్నూలు చేరాక నా శ్రీమతితో కూర్చుని మా ఇంటి పద్ధతులు మార్చుకున్నాము. చాయ్‌లో చక్కెర ముందు కలపము. ఇఫ్తార్‌లో షర్బత్తు బదులు నిమ్మరసం పిండిన నీళ్లు లేదా పలుచని మజ్జిగ. మీఠా శుక్రవారం మాత్రమే, చిన్న గిన్నెలో. ఎవరింటికైనా వెళ్లేటప్పుడు, చక్కెర వద్దని చాయ్ పొయ్యి మీద పెట్టకముందే చెబుతాము. కప్పు చేతికి వచ్చాక చెబితే ఇల్లాలికి కష్టం, మనకూ కష్టం. ముందే చెబితే ఎవరికీ కష్టం లేదు. మదరసాలో సన్మాన సభకు మిఠాయి పొట్లం ఉంటుంది, కానీ ఇంటికి తీసుకుపోవడానికి ఇస్తాము. ఎవరి నోటా ఎవరూ పెట్టరు.

అన్ని రోజులూ ఒకేలా గడవలేదు. ఈదుల్ ఫితర్ నాడు షీర్ ఖుర్మా మూడిళ్లలో మూడు గిన్నెలు తాగాను. ఆ పుటలో ఆ అంకె అలాగే రాసుకున్నాను, చెరపలేదు. మరునాటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. మూడు నెలలకు బరువు 87 కిలోలకు దిగింది. హెచ్‌బిఎ1సి 5.9కి వచ్చింది. అంచు ఇంకా దాటలేదు. కానీ నడక దిశ మారింది, అల్‌హమ్దులిల్లాహ్.

గత వారం అన్నయ్య, వదిన కర్నూలు వచ్చారు. స్టేషనులో ఆయన రైలు మెట్లు మెల్లగా దిగి, నా భుజం పట్టుకుని నడిచాడు. ఇంటిలో దస్తర్‌ఖాన్ పరచి చాయ్ పెట్టాము. నడుమ చక్కెర గిన్నె, పక్కన చెంచా.

"ఎంత వేయమంటారు భాయీజాన్?" అని అడిగాను.

"వద్దు చోటే" అన్నాడు.

మంచిదన్నాను. గిన్నెను వదిన వైపు జరిపాను. ఆయన కప్పు ఎత్తి నెమ్మదిగా తాగాడు. ఈసారి నేను ఆయన నోటికి ఏమీ అందించలేదు.